లేసు టాపు అల్లాలంటే ఏది మేలు: పుస్తకమా, వీడియోనా, ముక్క చూసి దించడమా?

నెల్లూరు ఇళ్లలో ఒకప్పుడు క్రోషియా (కొక్కెం సూదితో దారం అల్లే పని) అంటే టీవీ మీద గుడ్డ, దిండు గలీబుకు అంచు, పాపాయి గౌనుకు లేసు, అంతే. ఇప్పుడు కుర్తీ మీద వేసుకునే లేసు టాపులూ ష్రగ్గులూ అల్లుకోవాలని సరదా పడుతున్నారు. అంచు అల్లిన పద్ధతిలోనే టాపు కూడా అల్లేయొచ్చనుకుంటే చంక దగ్గరికొచ్చేసరికి పని ఆగిపోతుంది.

పాత పద్ధతి, ముక్క చూసి దించడం, అంటే అల్లిన నమూనా ముక్క చేతిలో పెట్టుకుని అచ్చం అలాగే అల్లడం. నరసాపురం వైపు ఆడవాళ్లు తరాలుగా ఒకరి చేతిలోంచి ఒకరు ఇలాగే నేర్చుకున్నారు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా పెద్దమ్మదీ అదే దారి. పుస్తకం చూపిస్తే, "బొమ్మ చూసి అల్లేదేంది మే, ముక్క చేతికియ్యి" అంటుంది. ఇస్తే గొలుసు కుట్లు వేలితో లెక్కపెట్టి సాయంత్రానికి అంచు దించేస్తుంది. అంచుకు ఇంతకు మించింది లేదు. కానీ మెడ దగ్గర ఎన్ని కుట్లు తగ్గించాలో, భుజం ఎక్కడ విడదీయాలో చేతిలో ఉన్న జానెడు ముక్క ఎక్కడ చెబుతుంది?

సూది ఎలా పట్టాలి, దారం ఎడమచేతి వేలికి ఎలా చుట్టాలి అన్నది వీడియోలో చూడాల్సిందే. ఎంత మంచి పుస్తకమైనా ఆ పని చేయలేదు. టాపు మొత్తం వీడియో చూసి అల్లాలంటే మాత్రం నాకు విసుగు. దారం చేతిలో బిగించి ఉండగా మోచేత్తో ఫోన్ ఆపడం, మళ్లీ వెనక్కి జరపడం. పదిహేనో వరసలో తప్పు కనబడితే అది వీడియోలో ఏ నిమిషం దగ్గరుందో వెతుక్కోవాలి. పైగా వీడియోలో ఆవిడ అల్లేది ఆవిడ కొలతకు.

పుస్తకంలో, అదీ గుర్తులతో పటం గీసిన పుస్తకంలో, టాపు మొత్తం ఒక్క చూపులో కనబడుతుంది. చిన్న సున్నా అయితే గొలుసు కుట్టు, కూడిక గుర్తు అయితే పొట్టి కుట్టు, గీత పడిన టీ అక్షరం అయితే పొడుగు కుట్టు. చుక్కలముగ్గు వేసే చేతికి ఇది పూటలో పట్టుబడుతుంది. అక్షరాల్లో రాసిన పాఠంతోనే తంటా: అమెరికా వాళ్లు డబుల్ అనే కుట్టును బ్రిటన్ వాళ్లు ట్రెబుల్ అంటారు. పటానికి ఆ గొడవ లేదు.

అసలు మజా లెక్కలో ఉంది. పుస్తకం 10 సెంటీమీటర్లకు 30 కుట్లు అంటుంది. ఛాతీ 90 సెంటీమీటర్లయితే 270 కుట్లు. మీ చేయి బిగువుగా పడి అదే 10 సెంటీమీటర్లలో 33 కుట్లు వచ్చాయనుకోండి, ఆ 270 కుట్లకు వచ్చేది 82 సెంటీమీటర్లే. టాపు చెల్లెలికి పోతుంది. అందుకే ముందు చిన్న ముక్క అల్లి, తడిపి, ఆరబెట్టి కొలవాలి. అప్పుడు సూది ఒక సైజు పెంచుకోవచ్చు, లేదా కుట్లే పెంచుకోవచ్చు. లెక్క ప్రకారం 297 కావాలి. పువ్వుకు 12 కుట్లు పడితే 300 వేస్తే 25 పువ్వులు సరిగ్గా కూర్చుంటాయి. ఇలా పుస్తకంలోని టాపు మన ఒంటికి మారుతుంటే కలిగే సంతోషం వీడియోలో నాకెప్పుడూ దొరకలేదు.

దారం సంగతీ చెప్పాలి. మన ఎండలకు ఊలు వద్దు, నూలు దారమే. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది: టాపుకు 10 నంబరు దారం, 1.5 మిల్లీమీటర్ల సూది చాలు. 40 నంబరు చేతిరుమాలు అంచుకు బాగుంటుంది గానీ, దాంతో టాపు అంటే దసరాకు మొదలుపెడితే ఉగాదికైనా అవుతుందో లేదో! రోహిణి కార్తెలో అరచేతి చెమటకు తెల్లదారం మాసిపోతుంది, పొద్దున్నే కూర్చోవడం మంచిది. అల్లడం అయ్యాక తడిపి, కొలతకు సాగదీసి, గుండుసూదులు గుచ్చి ఆరబెడితేనే పువ్వులు విచ్చుకుంటాయి. కార్తీకం ముసురులో ఇది పెట్టుకుంటే ఫ్యాను కింద కూడా తొందరగా ఆరదు.

కాబట్టి అంచుకు ముక్క, చేయి తిరిగేదాకా వీడియో, టాపుకు పుస్తకం. కొనేముందు లోపల పటాలున్నాయో లేదో, కొలతలు ఒకటికి మించి ఇచ్చారో లేదో తిరగేసి చూడండి. అట్ట మీద ఫోటో చూసి మాత్రం కొనకండి. మొదటిసారికి చిన్న చిన్న కన్నాల డిజైన్ ఎంచుకోండి, పెద్దవైతే గాజులకూ తాళిగొలుసుకూ తగులుకుంటాయి.