మాన్‌హట్టన్‌లో ఒక క్యాబరే సాయంత్రం

క్యాబరే అనగానే మనవారికి పాత సినిమాల్లోని నృత్యాలే గుర్తుకు వస్తాయి గాని, న్యూయార్కులో ఆ మాటకు చిన్న గదిలో, భోజనపు బల్లల నడుమ, పాటకూ పాటకూ మధ్య కబుర్లు చెబుతూ సాగే గానసభ అనే అర్థమే ఎక్కువ. మాన్‌హట్టన్‌లోని అటువంటి గదిలో గత నెల ఒక యువ జాజ్ గాయని, గత శతాబ్దపు అమెరికన్ గాయకులైన బిల్లీ హాలిడే, ఫ్రాంక్ సినాట్రా, ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్‌లకు నివాళిగా గంటంబావు సేపు పాడింది. పక్కన పియానో, డబుల్ బేస్, డ్రమ్స్ ఉన్నాయి.

మొదటి అరగంట నాకు రుచించలేదు. బిల్లీ గొంతులోని జీరను, మాట చివరి విరుపును ఈమె ఉన్నదున్నట్లు దించాలని చూసింది. కాని బిల్లీ గొప్పతనం జీరలో కంటె లయలో ఉంది. తాళం తన దారిన నడుస్తుండగా ఆమె మాటను కాస్త వెనకగా వేసి, పాదం ముగిసేలోగా మళ్ళీ అందుకునేది. ఈమెకు జీర అబ్బింది గాని ఆ నడక అబ్బలేదు.

అయితే ఈమె పాట ఆపి చెప్పిన ఒక సంగతి మాత్రం మనసున నిలిచింది. 1947లో మాదకద్రవ్యాల కేసులో శిక్ష పడిన బిల్లీకి న్యూయార్కులో క్యాబరే కార్డు లేకుండా పోయింది. మద్యం అమ్మే చోట పాడాలంటే ఆ కార్డు తప్పనిసరి కావడంతో, 1948లో అదే నగరంలోని పెద్ద కచేరీ మందిరం కార్నెగీ హాలును జనంతో నింపిన గాయనికి ఇటువంటి చిన్న గదిలో పాడే అర్హత లేదన్నమాట. ఆ నిబంధన 1967 దాకా తొలగలేదు. అది విన్నాక నా ముందున్న గ్లాసును చూసుకుని కొంచెం ఇబ్బందిపడ్డాను.

సినాట్రా పాటలకు వచ్చేసరికి ఈ యువ గాయని సొంత గొంతు బయటపడింది. తాను పాడిన బృందానికి నాయకుడైన టామీ డార్సీ ట్రాంబోన్ అనే ఇత్తడి ఊదువాద్యం వాయిస్తూ ఎక్కడ ఊపిరి తీస్తున్నాడో తెలియనివ్వకపోవడం గమనించి నేర్చుకున్నవాడు సినాట్రా. ఈమె కూడా ఒక విలంబ గీతంలో రెండు పాదాలను ఒకే ఊపిరిలో కలిపి, చివరి స్వరం దగ్గర మైకును మెల్లగా ఛాతీ దాకా దించింది. డ్రమ్ము మీద బ్రష్షుల రాపిడి తప్ప మరేమీ వినిపించలేదు.

1960లో బెర్లిన్ కచేరీలో ‘మాక్ ది నైఫ్’ మాటలు మరచిపోయిన ఎల్లా, అప్పటికప్పుడు కల్పించుకుని పాట నడిపించింది. ఈమె ఆ కల్పించిన మాటలనే వల్లించడం మనోధర్మాన్ని బట్టీపట్టినట్లుంది. చివర బేస్ వాద్యకారునితో ప్రశ్న-జవాబులుగా సాగించిన స్కాట్ గానం, అంటే అర్థం లేని అక్షరాలతో అప్పటికప్పుడు అల్లే పాట, మాత్రం పూర్తిగా ఈమెదే.

ప్రవేశ రుసుము కాక మనిషికి రెండు పానీయాలు కొనక తప్పదు. నా బల్ల స్తంభం వెనుక పడినందున పియానో మీది చేతులు కనిపించనే లేదు. టికెట్టు కొనేటప్పుడే బల్ల ఎక్కడో అడిగి తెలుసుకోవడం మేలు.