తీసేస్తే ఏం మిగులుతుంది? రాణిగంజ్ దుకాణం వెబ్‌సైట్ ప్లగిన్లపై ఒక సమీక్ష

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మా మేనమామ గారు మోటార్లు, పంపులు, వాటి విడిభాగాలు అమ్మే దుకాణం నడుపుతున్నారు. బాలానగర్, జీడిమెట్ల వైపు చిన్న పరిశ్రమల వారు, బోరు మోటార్ల కోసం చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చే రైతులు ఆయన ఖాతాదారులు. రెండేళ్ల కిందట ఆ దుకాణం వెబ్‌సైట్ బాధ్యత నా మీద పడింది. వెబ్‌సైట్లు తయారు చేసుకునే సాఫ్ట్‌వేర్ అయిన వర్డ్‌ప్రెస్‌లో తయారైన ఆ సైట్‌లో అప్పటికి 31 ప్లగిన్లు (అదనపు సౌకర్యాలు చేర్చే చిన్న ప్రోగ్రాములు) ఉండగా, ఇప్పుడు 9 మాత్రమే ఉన్నాయి. ఏవి ఎందుకు పోయాయో, ఏవి ఎందుకు నిలిచాయో ఇక్కడ రాస్తున్నాను.

తీసివేత ఒక పేజీ బిల్డర్‌తో మొదలైంది. దాని పేరు ఇక్కడ అనవసరం. మౌస్‌తో లాగి పేజీని పేర్చుకునే సౌకర్యం కోసం పాత డెవలపర్ దాన్ని పెట్టాడు. ఏటా కట్టవలసిన లైసెన్సు రుసుము కట్టకపోవడంతో అప్‌డేట్లు ఆగిపోయాయి. అప్‌డేట్లు లేని ప్లగిన్‌ను ఉంచడం ప్రమాదమని నేను దాన్ని ఆపివేయగానే, దాదాపు 140 ఉత్పత్తుల పేజీలలో వివరాలన్నీ చదరపు బ్రాకెట్ల మధ్య ఇరుక్కున్న సంకేతాల గుంపులుగా మారిపోయాయి. వాటిని శుభ్రం చేసి, 2018 డిసెంబరులో 5.0 వెర్షన్‌తో వర్డ్‌ప్రెస్‌కే వచ్చిన బ్లాక్ ఎడిటర్‌లోకి మార్చడానికి నాకు ఆరు ఆదివారాలు పట్టింది. ఆ తెరను చూసి మామయ్య అన్న మాట ఇది: "మోటారు కొనేటోడు ముందుగాల ఏమడుగుతడు? కాలిపోతే వైండింగ్ ఇక్కడ అయితదా, సామాను దొరుకుతదా అని అడుగుతడు. ఇది పెట్టేటప్పుడు ఎవరూ అడగలేదారా?" పెట్టింది నేను కాదని చెప్పుకున్నాను గాని, ప్రశ్న సరైనదే. దీన్ని తీసేసిన రోజున మన చేతిలో ఏం మిగులుతుంది అన్న ఆ ప్రశ్నతోనే తరువాత ప్రతి ప్లగిన్‌నూ పరీక్షించాను.

మా వంటి దుకాణానికి వెబ్‌సైట్‌లో అన్నిటికంటే ముఖ్యమైనది ఎంక్వయిరీ ఫారం. ఎన్ని హెచ్‌పీ కావాలి, సింగిల్ ఫేజా త్రీ ఫేజా, బోరు ఎంత లోతు అన్నవి రాసి పంపితే మేము కొటేషన్ ఇస్తాము. పాత ఫారం ఆ వివరాలను ఎక్కడా దాచకుండా కేవలం మెయిల్‌గా పంపేది. సర్వర్ తనంత తానుగా, ఏ ధ్రువీకరణా లేకుండా పంపే మెయిల్‌ను అందుకునే పక్షం అనుమానించడం సహజం కాబట్టి, అవి స్పామ్‌లోకి పోయేవి, కొన్ని అసలు చేరేవే కావు. ఎంతమంది కొనుగోలుదారులు జవాబు రాలేదని వేరే దుకాణానికి వెళ్లారో లెక్క తేలలేదు.

ఇప్పుడు ఆ పనికి మూడు ప్లగిన్లు ఉన్నాయి. జపాన్‌కు చెందిన టకయుకి మియోషి 2007లో మొదలుపెట్టిన కాంటాక్ట్ ఫారం 7 ఉచితమైనది, నిరాడంబరమైనది, ఇప్పటికీ అప్‌డేట్లు అందుతున్నది. అయితే అది కూడా సందేశాలను దాచదు. మెయిల్ పంపి ఊరుకుంటుంది. అందుకని అదే రచయిత తయారు చేసిన ఫ్లెమింగోను దానికి జత చేయడం తప్పనిసరి అని నా అభిప్రాయం. వచ్చిన ప్రతి ఎంక్వయిరీని అది డేటాబేస్‌లో భద్రపరుస్తుంది, కావలసినప్పుడు ఎక్సెల్‌లో తెరవగల సీఎస్‌వీ ఫైలుగా దించుకోవచ్చు. మెయిల్ సరిగా చేరడానికి డబ్ల్యూపీ మెయిల్ ఎస్ఎమ్‌టీపీని పెట్టి, దుకాణం సొంత మెయిల్ ఖాతా ద్వారా పంపేటట్లు చేశాను. దొంగ సందేశాల బెడదకు కాంటాక్ట్ ఫారం 7లోనే ఉన్న చిన్న ప్రశ్న వెసులుబాటును వాడుకున్నాము. "చార్మినార్‌కు మినార్లు ఎన్ని?" అని అడిగితే మనుషులు 4 అని రాస్తారు, యంత్రాలు చాలావరకు వెనుదిరుగుతాయి. దొంగ సందేశాలను వడకట్టే అకిస్మెట్ మంచిదే గాని, దాని ఉచిత వాడకం వ్యాపారేతర వ్యక్తిగత సైట్లకే పరిమితం. దుకాణం సైట్‌లో పెట్టదలచినవారు రుసుము కట్టవలసిందే. ఈ తేడా తెలియక ఉచితంగా వాడుతున్న వ్యాపారులు ఉన్నారు.

బ్యాకప్ కోసం అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ ఉచిత రూపం మాకు సరిపోయింది. వారానికొకసారి సైట్ నకలు దానంతట అదే గూగుల్ డ్రైవ్‌కు వెళుతుంది, అవసరమైతే సైట్‌ను నిర్వహించే డ్యాష్‌బోర్డు నుంచే తిరిగి నెలకొల్పవచ్చు. నకళ్లు జిప్, జీజెడ్ వంటి సాధారణ ఫైళ్లుగానే ఉంటాయి కాబట్టి ప్లగిన్ లేకపోయినా విప్పుకోవచ్చు. నా ప్రశ్నకు ఇంత చక్కగా జవాబిచ్చిన ప్లగిన్ మరొకటి లేదు. 2022 ఫిబ్రవరిలో ఇందులో ఒక తీవ్రమైన లోపం బయటపడిందన్న మాట నిజమే. సైట్‌లో సాధారణ సభ్యుడిగా ఖాతా ఉన్నవారు సైతం బ్యాకప్‌లను దించుకోగలిగేవారు. తయారీదారులు వెంటనే సవరణ విడుదల చేయగా, వర్డ్‌ప్రెస్ వారు దాన్ని సైట్లకు బలవంతంగానే పంపించారు. లోపం రాని ప్లగిన్ ఉండదు కాబట్టి, వచ్చినప్పుడు ఎంత త్వరగా దిద్దారన్నదే నేను చూస్తాను.

ఈ కారణంగానే వర్డ్‌ప్రెస్ డైరెక్టరీలోని ప్లగిన్ పేజీలో నక్షత్రాల కంటే ముందు చివరి అప్‌డేట్ తేదీని చూస్తాను. వర్డ్‌ప్రెస్ చివరి మూడు ప్రధాన వెర్షన్లతో పరీక్షించని ప్లగిన్ల మీద ఆ పేజీలోనే హెచ్చరిక కనిపిస్తుంది. అది ఉంటే మరి ఆలోచించను. ఆ తరువాత యాజమాన్యం మారిందేమో చూస్తాను. దాదాపు 2 లక్షల సైట్లలో ఉన్న డిస్‌ప్లే విడ్జెట్స్ అనే ప్లగిన్‌ను 2017లో ఒకరు కొని, అప్‌డేట్ ముసుగులో ఆ సైట్లలోకి స్పామ్ చొప్పించే కోడ్‌ను పంపారు. వర్డ్‌ప్రెస్ డైరెక్టరీ చివరకు దాన్ని తొలగించింది గాని, అలా తొలగించిన సంగతిని వర్డ్‌ప్రెస్ మన డ్యాష్‌బోర్డులో చెప్పదు. భద్రతా ప్లగిన్ అయిన వర్డ్‌ఫెన్స్‌ను ఉంచుకోవడానికి నాకున్న కారణాలలో ఇది ఒకటి. డైరెక్టరీ నుంచి తీసివేసిన ప్లగిన్ మన సైట్‌లో ఉంటే తన తనిఖీలో అది హెచ్చరిస్తుంది. దాని ఉచిత రూపానికి కొత్త రక్షణ నియమాలు 30 రోజులు ఆలస్యంగా అందుతాయన్నది తెలిసి పెట్టుకోవాలి. ఆన్‌లైన్ చెల్లింపులు ఎక్కువగా జరిగే సైట్ అయితే ఆ నెల రోజుల ఆలస్యానికి నేను ఒప్పుకోను, డబ్బు కడతాను.

మా సైట్‌లో చెల్లింపులు తక్కువ. మోటార్లకు ధర మాట్లాడుకునే అలవాటు ఉన్నందున వాటిని ఆన్‌లైన్‌లో అమ్మడం లేదు. కెపాసిటర్లు, సీళ్లు, ఇంపెల్లర్ల వంటి చిన్న సామానుకు మాత్రమే ఆన్‌లైన్ అమ్మకాల ప్లగిన్ వూకామర్స్, దానికి తోడు చెల్లింపులు తీసుకునే రేజర్‌పే ప్లగిన్ పెట్టాము. వూకామర్స్ బరువైనదే. కానీ దాన్ని తొలగించినా, ప్రత్యేకంగా చెబితే తప్ప ఆర్డర్ల సమాచారాన్ని డేటాబేస్ నుంచి చెరిపివేయదు. తెలంగాణలోని కొనుగోలుదారుకు సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ, ఇతర రాష్ట్రాల వారికి ఐజీఎస్‌టీ వేయవలసిన మనవారికి ఒక సూచన: పన్నుల పట్టికలో ఆ రెండు సగాలకు వేర్వేరు ప్రాధాన్య సంఖ్యలు ఇవ్వాలి. ఒకే సంఖ్య ఇస్తే వూకామర్స్ వాటిలో ఒక్కదాన్నే లెక్కిస్తుంది, సగం పన్ను మన నెత్తిన పడుతుంది. బిల్లులు మాత్రం మామయ్య ఇప్పటికీ ట్యాలీలోనే తీస్తారు, అందులో నేను తల దూర్చలేదు.

వేగం కోసం లైట్‌స్పీడ్ క్యాష్ వాడుతున్నాము. హోస్టింగ్ సర్వర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ కూడా లైట్‌స్పీడ్ అయితేనే దాని అసలు ప్రయోజనం దక్కుతుంది కాబట్టి, ముందు హోస్టింగ్ వారిని అడిగి తెలుసుకోవాలి. వాట్సాప్ గుర్తు కోసం ఉన్న ప్లగిన్‌ను తీసివేశాను. ఆ పనికి మన నంబరుతో కూడిన ఒక సాధారణ లింకు చాలు. స్లైడర్లు, సందర్శకుల లెక్క చూపే బోర్డు, మంచు కురిపించే అలంకారం కూడా పోయాయి. హైదరాబాద్‌లో పంపులు అమ్మే సైట్ మీద మంచు ఎందుకు కురవాలో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

తొమ్మిదవది, సెర్చ్‌లో సైట్ బాగా కనబడేందుకు తోడ్పడే యోస్ట్ ఎస్ఈఓ. శీర్షికలు, వివరణలు పేజీకొకటిగా రాసుకోవడానికి అది సౌకర్యంగా ఉంది గాని, పేజీ బాగుందని అది చూపే పచ్చ చుక్క వెలగడం కోసం వాక్యాలను వంకర తిప్పడం నాకు నచ్చదు. సైట్‌మ్యాప్ (సెర్చ్ ఇంజన్లకు ఇచ్చే పేజీల జాబితా) కోసమే అయితే 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్‌లోనే ఆ సౌకర్యం ఉంది. తెలుగు శీర్షికలున్న పేజీల చిరునామాలను నేనే ఇంగ్లిషు అక్షరాలలోకి మారుస్తున్నాను, లేకుంటే వాట్సాప్‌లో పంపినప్పుడు అవి శాతం గుర్తుల వరుసలుగా కనిపిస్తాయి. వచ్చే ఏడాది లెక్కను 8కి దించవలసి వస్తే నేను తీసేసేది దీన్నే.