క్రూజ్ స్విచ్: కడిగి వాడాలా, కొత్తది వేయాలా?

రాయగడ, కొరాపుట్ వైపు తిరిగే పికప్‌లలో క్రూజ్ (యాక్సిలరేటర్ తొక్కకుండానే వేగాన్ని నిలిపే ఏర్పాటు) పట్టకపోతే, స్టీరింగ్ మీది దాని స్విచ్ జోలికి వెళ్లేముందు బ్రేక్ లైట్లు చూడండి. బ్రేక్ పెడల్ స్విచ్ పాడైనా క్రూజ్ పట్టదు. హారన్, ఆడియో బటన్లు కూడా పోతే అనుమానించాల్సింది క్లాక్ స్ప్రింగ్‌ని, అంటే తిరిగే స్టీరింగ్ బటన్లకి కరెంటు అందించే చుట్ట కేబుల్‌ని. అప్పుడు స్విచ్ మార్చడం డబ్బు దండగే.

కడిగినా, కొత్తది వేసినా విప్పే పని ఒకటే: స్టీరింగ్ మధ్యలోని ఎయిర్‌బ్యాగ్ తీయాలి. బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగాలి, ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో చార్జ్ మిగిలి ఉంటుంది. దాని పసుపు కనెక్టర్‌కి మల్టీమీటర్ ఎప్పుడూ పెట్టకండి. విప్పిన ఎయిర్‌బ్యాగ్‌ని దాని మూత వైపు పైకి ఉండేలా పెట్టాలి.

కడగడానికి కాంటాక్ట్ క్లీనర్ చాలు. చాలా బళ్లలో ఒక్కో బటన్‌కి ఒక్కో రెసిస్టెన్స్ ఉంటుంది. దుమ్ము, చెమ్మ చేరితే ఆ విలువ మారి, సెట్ బటన్ నొక్కితే బండి కంప్యూటర్‌కి క్యాన్సిల్‌గా అందొచ్చు. ఇలాంటప్పుడు కడగడం బాగా పనిచేస్తుంది. నూనె స్ప్రేలు మాత్రం వద్దు, దుమ్ముని ఇంకా అంటిస్తాయి.

లోపలి కార్బన్ పూత అరిగితే కడిగినా లాభం లేదు. స్విచ్‌కి మల్టీమీటర్ పెట్టి బటన్ నొక్కినప్పుడు రెసిస్టెన్స్ అంకె నిలకడగా లేకపోతే కొత్తదే వేయండి. విశాఖ నుంచి తెప్పించేముందు పాతదాని మీది పార్ట్ నంబరు రాసుకోండి. మోడల్ ఒకటే అయినా ఏడాదిని బట్టి కనెక్టర్ పిన్నులు మారొచ్చు. ఖర్చు ఎక్కువైనా అలాంటప్పుడు నా ఓటు కొత్త స్విచ్‌కే.