ఏడురోడ్ల దగ్గర ఐదు రోజుల సముద్రం క్లాసు: 12 వేలకి ఏం ముట్టింది?

మాది కవిటి పక్క ఊరు. పద్దెనిమిదేళ్లుగా రిగ్గర్ పని, అంటే పెద్ద బరువులకి తాళ్లు కట్టి ఎత్తించే పని చేస్తున్నాను. సముద్రంలో చమురు, గ్యాస్ తీసే ముంబై హై, కాకినాడ అవతల కేజీ బేసిన్, మధ్యలో ఆరేళ్లు గల్ఫ్. ఉద్దానంలో ఇలాంటివాళ్లు వీధికి నలుగురుంటారు కాబట్టి గొప్పేం కాదు. మొన్న సెలవుకి వచ్చినప్పుడు మా బావమరిది ఒక పాంప్లెట్ తెచ్చాడు. 'ఆఫ్‌షోర్ మెరైన్ ఆపరేషన్స్ ప్లానింగ్, ఐదు రోజులు, 12,000 రూపాయలు' అని ఉంది. అంటే సముద్రం మీద పెద్ద బరువులు తరలించే పనులకి ముందే ప్లాన్ వేసుకోవడం. ఫోర్‌మన్ పోస్టుకి పనికొస్తుందేమోనని చేరాను. తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు.

శ్రీకాకుళం టౌన్‌లో, ఏడురోడ్ల జంక్షన్‌కి కాస్త అవతల, టిఫిన్ హోటల్ మీద మేడ గది. పది గంటలయ్యేసరికి కింద నుంచి అల్లం పచ్చడి వాసన కొడుతుంది, పాఠం ఎక్కదు. పద్నాలుగు మందిమి. ముగ్గురం తప్ప అందరూ పాలిటెక్నిక్ చదివిన కుర్రాళ్లే. పాఠం చెప్పిన మాస్టారు మెరైన్ వారంటీ సర్వేయర్‌గా చేసి రిటైరయ్యారు. అంటే ఇన్సూరెన్స్ తరఫున వచ్చి, లెక్కలూ ఏర్పాట్లూ చూసి సంతకం పెట్టే మనిషి. ఆ సంతకం పడకపోతే జాకెట్, అంటే సముద్రంలో ప్లాట్‌ఫామ్‌ని మోసే ఉక్కు చట్రం, దాన్ని తయారుచేసిన యార్డు దాటదు. బార్జ్ (బరువులు మోసే చదునైన పెద్ద పడవ) మీద మేం ఈ సర్వేయర్లని సిద్ధాంతిగారనే వాళ్లం, ముహూర్తం వాళ్ల చేతిలోనే ఉంటుంది మరి.

ఆ ముహూర్తం ఎలా పెడతారో మొదటి రోజే విప్పి చెప్పారు. పనికి 20 గంటలు పడుతుందనుకుంటే 20 గంటల మంచి వాతావరణం చూసుకుంటే చాలదు. పంపు ఆగిపోవచ్చు, బార్జ్‌ని లాగే టగ్ పడవ తాడు తెగొచ్చు. అందుకని కనీసం ఇంకో సగం, అంటే 10 గంటలు కలపాలి. ఎక్కడెక్కడ చెడుతుందో ముందే కూర్చుని లెక్క చూసుకోకపోతే సగం కాదు, అంతకి అంత కలపాలి. కలిపాక మొత్తం 96 గంటలు దాటితే, వాతావరణం కబురు నమ్ముకుని ఆ పని మొదలుపెట్టకూడదు. ఆ చోట, ఆ నెలల్లో రాగల గట్టి గాలివానకి కూడా తట్టుకునేలా డిజైన్ చేసుకోవాలి. ఇవన్నీ ఇలాంటి పనులకి ప్రమాణాలు రాసే డీఎన్‌వీ అనే సంస్థ ఎన్001 ప్రమాణంలో ఉన్న మాటలే.

కెరటం 2 మీటర్ల దాకా పర్వాలేదని ఇంజనీర్ రాసిచ్చాడనుకోండి. కబురులో 2 మీటర్లని వస్తే కదలొచ్చా? కూడదు. కబురు తప్పొచ్చు గనక ఆ 2ని ఆల్ఫా అనే అంకెతో తగ్గిస్తారు. ఆల్ఫా 0.75 అనుకుంటే కబురులో 1.5 దాటకూడదు. ఆ 1.5 కూడా పెద్ద కెరటాల సగటే, ఒకటీ అరా దానికి రెట్టింపుకి దగ్గరగా రావచ్చు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా కొబ్బరి తోట పోయింది. సముద్రం మీద అనుమానం ఉంచుకోమని మాకొకరు చెప్పాలా, అయినా శ్రద్ధగా రాసుకున్నాను.

రెండో రోజు లోడౌట్. యార్డులోంచి జాకెట్‌ని బార్జ్ మీదికి జరిపేటప్పుడు బరువు పడుతున్న కొద్దీ బార్జ్ దిగుతుంది, అదే సమయంలో పోటు లేస్తుంది. డెక్కు గట్టుతో సమంగా ఉండాలంటే ట్యాంకుల్లో నీళ్లు పంపులతో సర్దుతూ ఉండాలి. అలాంటప్పుడు సగం నిండిన ట్యాంకులు ఎక్కువైతే ఏమవుతుందో చూపించడానికి కింద హోటల్ నుంచి పళ్లెం తెప్పించి, వేలు మందాన నీళ్లు పోసి, ఒక కుర్రాణ్ణి పట్టుకుని నడవమన్నారు. మూడో అడుగుకే చొక్కా తడిసింది. నీళ్లు వాలిన వైపుకే పరుగెడతాయి, బార్జ్‌ని ఇంకా వాలుస్తాయి. వాల్వులు తిప్పిన చేతులివి. ట్యాంకు నిండుగానన్నా ఉంచాలి, ఖాళీగానన్నా ఉంచాలి అని ఎందుకు మొత్తుకునేవారో ఇన్నాళ్లకి పళ్లెంలో కనబడింది.

మూడో రోజు టోయింగ్ (టగ్‌తో లాక్కెళ్లడం), సీ ఫాస్టెనింగ్ (దారిలో కదలకుండా బరువుని డెక్కుకి బిగించడం). పర్వాలేదు.

నాలుగో రోజు కళింగపట్నం తీసుకెళ్లారు. నా మట్టుకు ఆ ఒక్క పూటకే డబ్బులు చెల్లు. లైట్‌హౌస్ దగ్గర ఇసుకలో నిలబెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పదకొండు కెరటాలు లెక్కపెట్టమన్నారు. మొదటిదానికీ పదకొండోదానికీ మధ్య 130 సెకన్లు, అంటే కెరటానికి 13. ఒడ్డుకొచ్చేసరికి కెరటం పొడవు తగ్గిపోతుందిగానీ సెకన్లు మారవట. లోతు నీళ్లలో ఆ 13 సెకన్ల కెరటం పొడవు 260 మీటర్ల పైనే. ఎత్తు మోకాలికి కాస్త పైన. చూస్తే సముద్రం నిద్రపోతున్నట్టే ఉంది.

తర్వాత జేబులోంచి తాళంకప్ప తీసి మీటరు దారానికి కట్టి ఊపారు. వెళ్లి రావడానికి 2 సెకన్లు. దారం పెరిగితే ఊగే సమయమూ పెరుగుతుంది. 42 మీటర్ల వైరు మీద వేలాడే బరువుకి ఎంత పడుతుందో లెక్కగట్టమన్నారు. 13 సెకన్లే వచ్చింది. ఉయ్యాలని దాని ఊపుకి సరిగ్గా తోస్తే ఏమవుతుందో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

అక్కడే నాకు కేజీ బేసిన్‌లో ఒక రోజు గుర్తొచ్చింది. కెరటం మీటరు కూడా లేదు, గాలి లేదు, ప్లాట్‌ఫామ్ మీద పెట్టాల్సిన మాడ్యూల్‌కి (యంత్రాలుండే పెద్ద భాగం) స్లింగులు, అంటే ఎత్తే తాళ్లు తగిలించి సిద్ధంగా ఉన్నాం. సూపరింటెండెంట్ ఆపేశాడు. ఒకటిన్నర రోజు అలాగే కూర్చోబెట్టాడు. "ఏటి బావా, సముద్రం కుదురుగానే ఉంది గదా, ఈడికి భయమా?" అన్నాడు మా సోంపేట కుర్రాడు. నేనూ నవ్వాను. నవ్వడమే కాదు, రాత్రి భోజనాల దగ్గర ఇంకో నాలుగు మాటలు కలిపాను. దూరం నుంచి వచ్చే పొడవాటి కెరటం (స్వెల్) సంగతి ఎత్తు చూస్తే తెలియదు, సెకన్లు చూడాలి. ఆయన చేతిలో ఉన్న కాగితంలో సెకన్లు ఉండి ఉంటాయి. మాకెవరూ చూపించలేదు, మేం అడగనూ లేదు.

ఇక తిట్లు. ఐదో రోజు స్లింగులు, షాకిళ్లు (స్లింగుని బరువుకి తగిలించే, పిన్నుతో మూసే ఇనుప కడియాలు), లిఫ్టింగ్ ప్లాన్ అన్నారు. మాస్టారు రాలేదు, వేరే ఆయన స్లైడ్లు చదివేసి వెళ్లిపోయాడు. షాకిల్ పిన్ ఎటు వైపు పెట్టాలో అడిగితే "అది సైట్‌లో చూసుకోవాలి" అన్నాడు. మరి మాకు పాఠమెందుకు? నోట్సు జిరాక్సుకి జిరాక్సు, ఆల్ఫా పట్టికలో అంకెలు కనబడవు. సర్టిఫికెట్ ఇస్తే గల్ఫ్ ఉద్యోగం ఖాయమని పాంప్లెట్‌లో రాశారు. నేను పనిచేసిన మూడు కంపెనీల్లో ఇలాంటి కాగితం ఎవరూ అడగలేదు. ప్లేస్‌మెంట్ పేరుతో కుర్రాళ్ల దగ్గర ఇంకో 5,000 అడుగుతున్నారు, అది కట్టకండి.

బావమరిది వచ్చే బ్యాచ్‌లో చేరతానంటున్నాడు. పాఠం ఆ మాస్టారే చెబుతారా, కళింగపట్నం తీసుకెళ్తారా, ఈ రెండూ ముందు అడిగి, సగం ఫీజే కట్టమన్నాను. బార్జ్ ఎక్కనివాడికి మొదటి రోజు లెక్కలు బరువుగా ఉంటాయి, ఆ పూట మాత్రం కింద టిఫిన్ చేసి ఎక్కమన్నాను.