సింగరేణి బాపుతో స్వాల్‌బార్డ్ మంచు సముద్రంలో

ఉత్తర ధ్రువం వైపు ఓడలో వెళ్లాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది బాల్కనీ గది తీసుకోవాలా వద్దా అని. బాల్కనీకి పెట్టే డబ్బు చిన్న ఓడకు పెట్టమని చెప్తాను. స్వాల్‌బార్డ్ అంటే ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉన్న నార్వే దీవులు. అక్కడ చూడాల్సింది ఎక్కువగా ఒడ్డునే ఉంటుంది. ఒడ్డు మీద ఎంతసేపు ఉండనిస్తారన్నది ఓడలో ఎంతమంది ఎక్కారన్న దాన్నిబట్టి ఉంటుంది. 2025 జనవరి నుంచి నార్వే ప్రభుత్వం నిబంధనలు గట్టి చేసింది. రక్షిత ప్రాంతాల్లోకి వచ్చే ఓడలో 200 మందికి మించి ప్రయాణికులు ఉండకూడదు, ఆ ప్రాంతాల్లో దిగడానికి 43 చోట్ల మాత్రమే అనుమతి. రెండు వందల మంది ఉన్న ఓడ అయితే బ్యాచ్‌లుగా దింపుతారు. ఒక బ్యాచ్ తిరిగొచ్చేదాకా ఇంకో బ్యాచ్ లాంజ్‌లో కూర్చోవాలి. మా ఓడలో వంద మంది లోపే. పొద్దున ఒకచోట, మధ్యాహ్నం ఇంకోచోట, వాతావరణం ఒప్పుకున్నన్నాళ్లు అందరం దిగాం.

వేల మంది పట్టే పెద్ద క్రూయిజ్ షిప్పులు కూడా ఆ దీవుల్లోని ముఖ్యమైన ఊరు లాంగ్‌ఇయర్‌బ్యెన్ రేవుకు వస్తాయి. అవి చవక. కానీ ఊరు చూపించి తీసుకెళ్లిపోతాయి, అసలు మంచు దగ్గరికి పోలేవు. ఆ టికెట్టుతో ధ్రువ యాత్ర చేశామనుకోవద్దు.

నాతో వచ్చింది మా బాపు. సింగరేణిలో, భూపాలపల్లి కేటీకే బొగ్గు గనుల్లో ఓవర్‌మెన్‌గా, అంటే గని లోపల పనిని, భద్రతను చూసుకునే సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాడు. తమ్ముడు ఓస్లోలో ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి వాడి దగ్గర ఆగి, అక్కడి నుంచి మూడు గంటల విమానంలో లాంగ్‌ఇయర్‌బ్యెన్ చేరాం. వీసా దగ్గర ఒక్క విషయం గుర్తుంచుకోండి. స్వాల్‌బార్డ్ నార్వేదే అయినా షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల) పరిధిలో లేదు. అక్కడికి వెళ్లడానికి వీసా అవసరం లేదు గానీ, ఓస్లో నుంచి బయటికి వెళ్లి మళ్లీ ఓస్లోకే రావాలి కాబట్టి కనీసం రెండుసార్లు ప్రవేశించే షెంగెన్ వీసా ఉండాలి. సింగిల్ ఎంట్రీతో వెళ్తే తిరుగు ప్రయాణంలో ఇరుక్కుంటారు. హైదరాబాద్‌లో అప్లికేషన్ పెట్టేటప్పుడే ఓడ బుకింగ్ కాగితం జతచేసి ఈ సంగతి రాయండి.

లాంగ్‌ఇయర్‌బ్యెన్ 78 డిగ్రీల ఉత్తరాన, రెండున్నర వేల మంది ఉండే ఊరు. మన ప్రాంతం నుంచి వెళ్లేవాళ్లకు ఇది ఓడ ఎక్కడానికి ఆగే స్టాప్ మాత్రమే కాదు, ఎందుకంటే ఇది బొగ్గు మీద పుట్టిన ఊరు. జాన్ మన్రో లాంగ్‌ఇయర్ అనే అమెరికన్ 1906లో ఇక్కడ బొగ్గు తవ్వించడం మొదలుపెట్టాడు. గనులకు పేర్లు లేవు, నంబర్లే. ఒకటో గని, రెండో గని, అలా ఏడు దాకా. బొగ్గు మోసిన తొట్లు వేలాడిన కర్ర స్తంభాలు కొండవాలు మీద ఇంకా వరుసగా నిలబడి ఉన్నాయి. చివరిదైన ఏడో గనిని 2025 వేసవిలో మూసేశారు. అది విని బాపు చాలాసేపు మాట్లాడలేదు. ఆయన దిగిన ఇంక్లైన్లు (ఏటవాలుగా లోపలికి దిగే గనులు) కూడా నంబర్లతో పిలిచినవే.

ఇక్కడ హోటల్లోకి, మ్యూజియంలోకి అడుగుపెట్టగానే బూట్లు విప్పి అరలో పెట్టాలి. గనిలో షిఫ్టు దిగినవాళ్ల బూట్ల మసి ఇళ్లలోకి రాకుండా మొదలైన అలవాటట. గనులు పోయినా అలవాటు పోలేదు. బాపుకు ఆ ఊరి మీద ప్రేమ పుట్టింది అక్కడే అనుకుంటా.

బస గురించి చెప్తాను. ఊరి మధ్యలో మంచి హోటళ్లున్నాయి, రేట్లు భారీగా ఉంటాయి. లోయ పైచివర నైబ్యెన్ అనే పేటలో గని కార్మికుల పాత బ్యారక్‌లను గెస్ట్‌హౌస్‌లుగా మార్చారు. చిన్న గదులు, బాత్రూములు ఉమ్మడి, ధర కాస్త అందుబాటులో ఉంటుంది. మేం అలాంటి ఒకదాంట్లో దిగాం. వేడి బాగానే ఉంది, పొద్దున టిఫిన్ బాగుంది, కానీ కర్టెన్లు పలచగా ఉన్నాయి. ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా సూర్యుడు అస్తమించని చోట ఇది చిన్న లోపం కాదు. రాత్రి రెండింటికి ఎండ మంచం మీద పడుతుంటే బాపు లేచి తెల్లారిందనుకుని పళ్లు తోముకున్నాడు. కళ్లకు కట్టుకునే మాస్కులు తీసుకెళ్లండి. పెద్దవాళ్లతో వెళ్తే ఇంకొంచెం ఖర్చు పెట్టి ఊరి మధ్యలోనే ఉండటం మేలు. నైబ్యెన్ నుంచి దుకాణాలకు చాలా దూరం నడవాలి.

మూడో గని టూర్ మాత్రం వదలొద్దు. 1996లో మూసిన గని అది. ఓవరాల్, హెల్మెట్, క్యాప్ ల్యాంప్ ఇచ్చి లోపలికి తీసుకెళ్తారు. బొగ్గు పొర మందం మీటరు కూడా లేదు. కార్మికులు పక్కకు పడుకుని, పాకుతూ తవ్వేవాళ్లు. కావాలంటే మనల్ని కూడా ఒక సందులోకి పాకనిస్తారు. బాపు పాకలేదు. హెల్మెట్ బెల్టు సరిచేసుకుని, పక్కనున్న కర్ర తీసుకుని పైకప్పును రెండుసార్లు తట్టి చెవి ఒగ్గాడు. చప్పుడును బట్టి పైకప్పు గట్టిగా ఉందా, ఊడుతుందా అన్నది ఓవర్‌మెన్ చెప్పగలడు. అమ్మాయి వయసున్న గైడ్ అది చూసి, తన వివరణ ఆపేసి, ఆయన్ను అడగడం మొదలుపెట్టింది. నేను తర్జుమా చేస్తుంటే టూర్ అరగంట ఎక్కువ సాగింది. "గాలి ఎట్లొస్తది లోపటికి? అది అడుగు బిడ్డా" అని నన్ను తొందరపెట్టాడు. ఆ ఊళ్లో మేం పెట్టిన డబ్బులో అన్నిటికంటే విలువైంది ఆ టికెట్టే.

విమానాశ్రయం పైన కొండలో, ప్రపంచ దేశాల పంటల విత్తనాలు దాచిన విత్తన భాండాగారం ఉంది, దాని తలుపు ఒక్కటే బయటి నుంచి చూడగలం. లోపలికి ఎవర్నీ రానివ్వరు. 2008 ఫిబ్రవరిలో తెరిచారు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పంపిన జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి విత్తనాలు ఆ కొండ కడుపులో ఉన్నాయి. అది తెలిశాక తలుపు ముందు నిలబడటం కూడా బాగుంటుంది. లేకపోతే టాక్సీ ఖర్చు దండగే.

ఇక ఓడ. వారం పది రోజుల యాత్రకు టికెట్టే మనిషికి నాలుగైదు లక్షల దగ్గర మొదలై పది దాటుతుంది. ముగ్గురు నలుగురు పంచుకునే గదులు అన్నిటికంటే చవక. మేం కింది డెక్‌లో, ఓడ మధ్యభాగంలో చిన్న కిటికీ ఉన్న గది తీసుకున్నాం. అక్కడ ఊపు తక్కువ. ఫియర్డుల (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల) లోపల సముద్రం నిశ్చలంగానే ఉంటుంది, బయటికి వచ్చినప్పుడే కడుపులో తిప్పుతుంది. మాత్ర ఊపు మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి.

శాకాహారమైతే బుకింగ్ ఫారంలోనే రాయండి. అన్నం రోజూ ఉంది. వంటింట్లో ఫిలిప్పీన్స్‌వాళ్లు ఎక్కువ, కాబట్టి అన్నం వండటం వాళ్లకు బాగా వచ్చు. శనివారం బాపు నీసు ముట్టడని ఒక్కసారి చెప్తే వడ్డించే అబ్బాయి గుర్తుపెట్టుకుని పప్పు చేయించి తెచ్చాడు. కారం మాత్రం ఉండదు. మామిడికాయ తొక్కు, పల్లికారం, సకినాలు తీసుకెళ్లాం, అక్కరకొచ్చాయి. అవి ఓడలోనే తినాలి. ఒడ్డుకు బిస్కెట్ ముక్క కూడా తీసుకెళ్లకూడదు. దిగే ముందు జేబులు, బ్యాగుల మడతల్లో విత్తనాలు, గడ్డి లేకుండా వాక్యూమ్‌తో శుభ్రం చేయించారు. రబ్బరు బూట్లు ఓడవాళ్లే ఇస్తారు.

పెద్దవాళ్లున్న ఇళ్లవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఒడ్డున టాయిలెట్ ఉండదు, రెండు మూడు గంటలు ఆగాలి. బీపీ మాత్రతో ఎక్కువసార్లు వెళ్లాల్సి వచ్చేవాళ్లు డాక్టర్‌ని అడిగి మాత్ర వేళ మార్చుకోండి.

ఓడ నుంచి రబ్బరు పడవలోకి దిగడం చూసి భయపడక్కర్లేదు. పడవవాడి అరచేయి పట్టుకోకూడదు. వాడు మన మణికట్టు, మనం వాడి మణికట్టు పట్టుకోవాలి. అప్పుడు తడి చేతులైనా జారవు. పడవ అంచు మీద ఒక కాలు, లోపలున్న మెట్టు మీద ఒక కాలు, తర్వాత కూర్చోవాలి. అల పైకి లేచినప్పుడు "నౌ" అంటాడు. బాపు రెండో రోజుకే ఆ అలను తనే కనిపెట్టి దిగేవాడు.

ఒడ్డుకు ముందుగా తుపాకులతో గైడ్లు వెళ్లి ధ్రువపు ఎలుగుబంటి లేదని తేల్చుకుంటారు. ఆ తర్వాతే మనం. ఒకచోట పడవలు సగం దూరం పోయాక వెనక్కి పిలిచారు. వాలు మీద ఎలుగు కనిపించిందట. కొందరు ప్రయాణికులు చిరాకుపడ్డారు. బాపు నాకు చెప్పింది ఇది: "షిఫ్టు దిగకముందు ఓవర్‌మెన్ లోపటికి వోయి గ్యాసు చూస్తడు. ఉన్నదంటే ఎవ్వల్ని దిగనియ్యడు. వీళ్లు చేసేది గదే." గైడ్లు ఎంత నిక్కచ్చిగా ఉంటే ఆ కంపెనీ అంత మంచిదని నేను ఇప్పుడు నమ్ముతున్నాను. రివ్యూలు చదివేటప్పుడు గదుల ఫొటోలు వదిలేసి, గైడ్ల గురించి ఏం రాశారో చూడండి.

ఎలుగుబంటిని చివరికి చూశాం, దూరం నుంచి. మార్చి నుంచి జూన్ దాకా 500 మీటర్లు, మిగతా నెలల్లో 300 మీటర్ల లోపలికి ఎవరూ వెళ్లకూడదు. దగ్గరి నుంచి చూపిస్తామని గ్యారంటీ ఇచ్చే ఏజెంటు దగ్గర డబ్బు కట్టొద్దు. మాకు ఒకరు అలాగే చెప్పారు. మంచి బైనాక్యులర్ ఉంటే చాలు. తెల్లని మంచు మీద అది మీగడ రంగులో, పసుపు కలిసినట్టు కనిపిస్తుంది. ముక్కు గాలిలోకి ఎత్తి, మా వైపు చూసి, మళ్లీ తన దారిన పోయింది.

శాస్త్రవేత్తల పరిశోధన కేంద్రాలున్న చిన్న ఊరు న్యూ-ఓలెసుండ్‌లో అడుగుపెట్టే ముందు ఫోన్లలో వైఫై, బ్లూటూత్ ఆపేయించారు. శాస్త్రవేత్తల పరికరాలకు అంతరాయం కలగకూడదు. మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం 2008 జూలై నుంచి అక్కడ ఉంది, బయటి నుంచే చూడాలి. ఈ దీవులు నార్వేవని ఒప్పుకున్న 1920 స్వాల్‌బార్డ్ ఒప్పందం మీద బ్రిటిష్ పాలనలోని ఇండియా తరఫున కూడా సంతకం ఉంది. చాలామంది గుంపుగా, ధ్రువ అన్వేషకుడు అముండ్సెన్ తన ఆకాశనౌకను (గ్యాసుతో తేలే పెద్ద బెలూన్ లాంటిది) కట్టేసిన స్తంభం దగ్గరికి వెళ్లారు. 1926లో ధ్రువం మీదుగా ఎగిరిన నోర్గే అనే ఆ నౌకను కట్టేసిన స్తంభం అది, చూడదగ్గదే. మేం బొగ్గు లాగిన చిన్న రైలింజను దగ్గర ఆగిపోయాం. ఈ ఊరూ బొగ్గుదే. 1962 నవంబర్‌లో గనిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయారు. ఆ గొడవ మీద 1963లో నార్వే ప్రభుత్వమే విశ్వాస పరీక్షలో ఓడింది, గని మళ్లీ తెరవలేదు. ఇది విన్నాక బాపు 2003 జూన్‌ను తలుచుకున్నాడు. గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీళ్లు దూకి 17 మంది పోయిన నెల అది. టోపీ తీసి, ఇంజను మీద చేయి పెట్టి నిలబడ్డాడు. గైడ్ మమ్మల్ని తొందరపెట్టలేదు.

అల్కెఫియెల్లెట్ పక్షుల గోడ యాత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చింది. నిలువు రాతి స్తంభాల అంచుల మీద దాదాపు అరవై వేల జంటల గిల్లెమోట్ పక్షులు. పడవ దగ్గరయ్యేకొద్దీ వాటి అరుపులో మాట వినపడదు, రెట్ట వాసన ముక్కుకు పట్టేస్తుంది. మూడు వారాల పిల్ల, రెక్కలు ఇంకా ఎగరడానికి రాకముందే, ఆ ఎత్తు నుంచి సముద్రంలోకి దూకుతుంది. తండ్రి పక్షి దాని వెంట దిగి, నీళ్ల మీద దాన్ని వెంటేసుకుని సముద్రంలోకి తీసుకెళ్తుంది. మా కళ్ల ముందు ఒక పిల్ల రాతికి తగిలి, దొర్లి, నీళ్లలో పడి లేచింది. పడవలో అందరం ఒక్కసారే ఊపిరి వదిలాం. పిల్లలు దూకడం చూడాలంటే జూలై చివర్లో వెళ్లాలి.

ఆ తర్వాత అవుస్ట్‌ఫోన్నా అనే పెద్ద హిమానీనదం సముద్రాన్ని తాకే చోట ఉన్న మంచు గోడ. హనుమకొండ నుంచి హైదరాబాద్ దూరం కంటే ఎక్కువ పొడవు. అంచు నుంచి కరిగిన నీళ్లు జలపాతాలై సముద్రంలోకి దూకుతుంటాయి. చిన్న మంచుగడ్డల మధ్య ఇంజను ఆపితే చిటపట శబ్దం వస్తుంది, లోపల చిక్కుకున్న పాతకాలపు గాలి బయటికి పోతున్న చప్పుడు. 2020 జూలైలో లాంగ్‌ఇయర్‌బ్యెన్‌లో 21.7 డిగ్రీలు నమోదైంది. ఆ అంకె తెలిసి ఆ జలపాతాల్ని చూడటం మనసుకు కష్టంగా ఉంటుంది. చూడాలనే నేను అంటాను.

వాల్రస్‌లు (పొడవాటి కోరలున్న పెద్ద సముద్ర జంతువులు) బాగున్నాయి, వాసన భరించగలిగితే. తిమింగలాల వేటగాళ్ల సమాధులున్న చోటు చరిత్ర ఇష్టమున్నవాళ్లకే. ఓడలో ఇంటర్నెట్ ఖరీదు, నెమ్మది. సాయంత్రం ఉపన్యాసాల్లో మంచు గురించినవి వదలకండి.

అత్యవసరంగా తరలించే ఖర్చు కూడా కవరయ్యే ఇన్సూరెన్స్ తప్పనిసరి. లాంగ్‌ఇయర్‌బ్యెన్‌లో చిన్న ఆసుపత్రే ఉంది, సీరియస్ అయితే విమానంలో నార్వేలోని ట్రోమ్సో నగరానికి తీసుకెళ్తారు. మందులు చెక్-ఇన్ పెట్టెలో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి. మాకు ఒక పెట్టె ఓడ బయల్దేరే ముందు గంటల్లో వచ్చింది, విమానం కంపెనీ నుంచి ఒక్క ఫోన్ లేదు. అందుకే ఓడ ఎక్కే రోజుకు కనీసం రెండు రోజుల ముందు లాంగ్‌ఇయర్‌బ్యెన్ చేరండి. మూడో గని చూడటానికి కూడా ఆ సమయం కావాలి.