సమఉజ్జీల ఫైట్‌లో పందెం: విజేత మీదా, రౌండ్ల మీదా? ఏది మేలు?

యూఎఫ్‌సీలో, అంటే పంజరంలో గుద్దులూ తన్నులూ కుస్తీ పట్లూ అన్నీ చెల్లే పోటీల్లో, సమఉజ్జీల ఫైట్ పడ్డ ప్రతిసారీ ఒకటే ప్రశ్న: "అన్నా, ఇద్దరికీ 1.91 ఉంది, ఎవరి మీద పెట్టమంటావు?" అడిగేది ఒంటారియోలోనో లండన్‌లోనో ఉన్న మనవాళ్లు. ఊళ్లో ఉన్నవాళ్లకు ఈ బేరమే లేదు. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025లో కేంద్ర చట్టమూ వచ్చింది. వాళ్లు హాయిగా ఫైట్ చూసుకోవచ్చు.

ముందు విజేత పందెం సంగతి. 1.91 రేటు అంటే వంద పెట్టి గెలిస్తే పెట్టినదానితో కలిపి 191 చేతికొస్తుంది. కాబట్టి ఆ ఫైటర్ నూటికి 52.4 సార్లు గెలిస్తే తప్ప మన డబ్బు మనకు రాదు. రెండు వైపుల శాతాలూ కలిపితే 104.7. వందకు పైనున్నది బుకీ తినేది. ఫైట్ నిజంగా యాభై-యాభై అయితే ఎటు పెట్టినా నష్టమే. ఒకడికి 53 శాతం ఉందని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలిగితేనే పెట్టాలి. అంత సన్నటి తేడా కనిపెట్టే కళ్లు నాకైతే లేవు. అదే మనిషికి ఇంకోచోట 2.05 ఇస్తుంటే 49 శాతం చాలు, అప్పుడు కూర్చుని ఆలోచించొచ్చు. నాలుగు చోట్ల రేటు చూడకుండా పెట్టేవాళ్లతో నాకు మాటల్లేవు.

అసలు చిక్కు జడ్జిల దగ్గరుంది. కోడిపందెంలో పుంజు పడిందా, పారిపోయిందా అన్నది బరి చుట్టూ ఉన్న అందరికీ కనిపిస్తుంది. ఇక్కడ సమఉజ్జీలు చివరిదాకా నిలబడితే పంజరం బయట కూర్చున్న ముగ్గురు, రౌండ్‌కి మామూలుగా గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 చొప్పున వేసిన మార్కులే తీర్పు. అందులో ఒక్క రౌండ్ అటూ ఇటూ అయితే పందెం తలకిందులు. 2024 జనవరిలో టొరంటోలో షాన్ స్ట్రిక్లాండ్, డ్రికస్ డు ప్లెసీ మధ్య జరిగింది అదే. రేట్లు దాదాపు సమానం. స్ట్రిక్లాండ్ జాబ్‌లు (ముందు చేత్తో నేరుగా వేసే గుద్దులు) ఆపకుండా వేస్తూనే ఉన్నాడు, డు ప్లెసీ అతన్ని ఆరుసార్లు పట్టుకుని కిందపడేశాడు. ఐదు రౌండ్లయ్యాక ఇద్దరు జడ్జీలు 48-47 డు ప్లెసీకి, ఒకరు అదే 48-47 స్ట్రిక్లాండ్‌కి ఇచ్చారు. స్ట్రిక్లాండ్ మీద పెట్టినవాళ్ల విశ్లేషణ తప్పనగలమా? ఓడిపోయారంతే.

అందుకే నా ఓటు "ఫైట్ చివరిదాకా వెళ్తుందా" అన్న పందానికి. ఇదీ రెండు వైపుల పందెమే, బుకీ తినేదీ ఇంచుమించు అంతే. కానీ గెలుపు ఎవరిదైనా మనకు ఒకటే, జడ్జిల ఇష్టాయిష్టాలతో పని లేదు. పైగా ఆట శైలి తెలిసినవాడికి ఇక్కడే పట్టు దొరుకుతుంది. ఆ టొరంటో ఫైట్‌నే చూడండి. స్ట్రిక్లాండ్ అప్పటికి యురాయా హాల్, హెర్మన్‌సన్, కానొనియర్, ఇమావోవ్, అడెసాన్యాలతో ఐదేసి రౌండ్లు, పాతిక నిమిషాలూ నిలబడ్డాడు. గెలిచినా ఓడినా తేలిగ్గా నాకౌట్ అయ్యే రకం కాదు, నాకౌట్ చేసే రకమూ అంతగా కాదు. అలాగని కళ్లు మూసుకుని పెట్టాల్సిన పందెమూ కాదు. పెరేరా అతన్ని మొదటి రౌండ్‌లోనే నాకౌట్ చేశాడు, డు ప్లెసీ యూఎఫ్‌సీలో అప్పటికి గెలిచిన ఆరింటిలో ఐదు మధ్యలోనే ముగించాడు. ఈ రెండు చరిత్రల్లో దేనికి ఎక్కువ బరువు ఇవ్వాలన్నదే ఆలోచించదగ్గ ప్రశ్న. నేనైతే ఎదుటివాడి లయను చెడగొట్టే డిఫెన్స్ ఉన్నవాడి వైపే మొగ్గుతాను. వాళ్లిద్దరూ 2025లో సిడ్నీలో మళ్లీ తలపడ్డప్పుడు డు ప్లెసీ ఏకగ్రీవంగా గెలిచాడు, స్ట్రిక్లాండ్ ముక్కు విరిగింది. అయినా ఫైట్ ఐదో రౌండ్ ముగింపు గంటదాకా వెళ్లింది.

బరువు విభాగం కూడా చూడాలి. ఫ్లైవెయిట్, బాంటమ్‌వెయిట్ లాంటి తేలిక విభాగాల్లో చివరిదాకా వెళ్లడం మామూలే. హెవీవెయిట్‌లో ఒక్క గుద్దు చాలు, సమఉజ్జీలన్న మాటకు అర్థమే మారిపోతుంది.

విజేతను ఎంచుకోకపోతే నిద్రపట్టదనేవాళ్లకు ఇంకో దారి: గెలిచే తీరు మీద పందెం. స్ట్రిక్లాండ్‌లాంటివాడు గెలిస్తే డెసిషన్ (జడ్జిల తీర్పు) మీదే గెలుస్తాడనుకుంటే, ఉత్త గెలుపు కంటే "డెసిషన్‌తో గెలుపు"కి రేటు ఎక్కువ. కానీ ఈ బజారులో ఇద్దరికీ మూడేసి చొప్పున (నాకౌట్, పట్టు పట్టి లొంగదీయడం, డెసిషన్) ఆరు దారులుంటాయి, బుకీ వాటా ప్రతి దాంట్లోనూ కలిసి మొత్తం పెరుగుతుంది. పైగా మళ్లీ ఆ ముగ్గురు జడ్జిల చేతుల్లోకే వెళ్లినట్టు.

డ్రా గురించి ఒక్కమాట. 2020 డిసెంబర్‌లో ఫిగెరెడో, మొరెనో ఫైట్ ఒక పాయింటు కోతతో మెజారిటీ డ్రా (ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు సమానమన్నారు) అయింది. రెండు దారుల పందెంలో మామూలుగా డబ్బు వెనక్కి వస్తుంది, డ్రాను కూడా మూడో దారిగా పెట్టిన చోట పోతుంది. నిబంధనలు చదివే పెట్టండి.

ఎప్పుడు పెట్టాలి? రేటు ఆఖరి గంటల్లో ఉన్నట్టుండి ఒకవైపు ఒరిగితే నేను దూరంగా ఉంటాను. 2022 నవంబర్‌లో డారిక్ మిన్నర్ ఫైట్‌కి ముందు అలాగే జరిగింది, అతను మొదటి రౌండ్‌లోనే కాలి నొప్పితో ఓడిపోయాడు. దర్యాప్తులు మొదలయ్యాయి. డిసెంబర్‌లో ఒంటారియో నియంత్రణ సంస్థ యూఎఫ్‌సీ పందేలనే ఆపించింది, తర్వాతి నెలలో మళ్లీ అనుమతించింది. మనకన్నా ముందు ఎవరికో ఏదో తెలిసిన బజారులో సన్నటి లెక్కలు వేసి లాభం లేదు.

రౌండ్ల మధ్య లైవ్ పందెం చూడ్డానికి బాగుంటుంది, రేటు నొక్కేలోపు మారిపోతుంది. రెండు మూడు ఫైట్లు కలిపి పార్లే కట్టడం ఊసే వద్దు. రెండు 1.91లు గుణిస్తే 3.65, రెండూ యాభై-యాభై ఫైట్లయితే న్యాయంగా రావాల్సింది 4.

చివరిదాకా వెళ్తుందన్నదానికి 1.45 ఇస్తుంటే మాత్రం నేనూ పెట్టను. దానికి 69 శాతం కావాలి, అంత నమ్మకం కలిగించే జంటలు అరుదు. 1.70 పైన దొరికితే అప్పుడు పాత ఫైట్లు ముందేసుకుని కూర్చుంటాను.