రెండున్నరేళ్ల వాడకంలో ఎం.డి.ఎఫ్. గండ్రగొడ్డలి

నాటకాలలోనూ వేషధారణ ప్రదర్శనలలోనూ పట్టుకోవడానికి ఎం.డి.ఎఫ్. (మీడియం డెన్సిటీ ఫైబర్‌బోర్డ్) పలకతో నేను చేసుకున్న రెండు వాదరల గండ్రగొడ్డలికి రెండున్నరేళ్లు నిండాయి. ఏ చరిత్రలోనూ లేని, పూర్తిగా ఊహలోంచి పుట్టిన ఆకారం అది. తల వెడల్పు 40 సెం.మీ., ఎత్తు 30 సెం.మీ., కామ పొడవు 120 సెం.మీ. ఇంతకాలంలో దానిని ఇరవైకి పైగా సార్లు వేదిక ఎక్కించాను, రెండుసార్లు కింద పడేశాను, ఒకసారి తడిపాను, ఒకసారి విరగ్గొట్టుకుని మళ్లీ చేశాను.

సన్నని కట్టె పీచును రెసిన్ అనే జిగురు పదార్థంతో కలిపి, వేడి మీద అదిమి చేసే ఈ పలకలో చెక్కకు ఉండే చారలు, ముడులు ఉండవు కాబట్టి రంపం ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. లోపలికి వంపు తిరిగిన మూలలను కూడా జిగ్‌సాతో (వంపులు కోసే చిన్న కరెంటు రంపం) పెళ్లలు రేగకుండా కోయగలిగాను. కాకపోతే ఆ రెసిన్ రంపపు పళ్లను తొందరగా మొద్దుబారుస్తుంది. బ్లేడు వేడెక్కి, కోసిన చోట గోధుమరంగు మాడు కనిపించిందంటే దానిని మార్చవలసిందే.

మొదటిసారి చేసిన తప్పు కామను కూడా అదే పలకలోంచి కోయడం. 6 మి.మీ. పలకలు మూడింటిని తెల్ల జిగురుతో అతికించి, తల, కామ ఏకఖండంగా కోశాను. గోడకు ఏటవాలుగా ఆనించి ఉంచగా మూడు నెలలకే కామ మధ్యలో వంగింది. ఐదో నెలలో తోటి నటుడు కామ చివర పట్టుకుని అడ్డంగా నా చేతికి అందిస్తుండగా, మెడ దగ్గర పెద్దగా చప్పుడైనా లేకుండా తల ఊడి కింద పడింది. విరిగిన చోటు చింపిన అట్టలా నూగునూగుగా ఉంది. చెక్కలో పొడవునా సాగే పీచు వంపును ఓర్చుకుంటుంది. ఇందులో ఉన్నది పొట్టి పీచు, దానిని పట్టి ఉంచే రెసిన్ మాత్రమే. పొడవుగా, సన్నగా ఉండి బరువు మోయవలసిన ఏ భాగానికీ ఇది పనికిరాదని నా అభిప్రాయం.

రెండోసారి కామకు 32 మి.మీ. గట్టి చెక్క కడ్డీ వాడాను. పలక అంచులోకి నేరుగా స్క్రూ దించితే పొరలుగా విచ్చుకుంటుంది కాబట్టి, తలలోని మధ్య పలకలో 25 మి.మీ. వెడల్పున గాడి విడిచి, అందులో 6 మి.మీ. మందం అల్యూమినియం పట్టీ కూర్చి, పైనా కిందా మిగిలిన పలకలు అతికించాను. పట్టీ రెండో చివరను కడ్డీలో కోసిన చీలికలో దూర్చి, రెండు బోల్టులతో బిగించాను. రెండేళ్లుగా అది కదలలేదు. మొత్తం బరువు రెండు కిలోలకు కొంచెం తక్కువ; అందులో తలదే కిలోకు పైమాట.

అసలు పేచీ అంతా అంచుల దగ్గరే వస్తుంది. వేడి మీద అదిమినప్పుడు పలక పైతలాలు గట్టిపడతాయి, లోపలి భాగం కాస్త గుల్లగా మిగులుతుంది. ఆయుధం అంటేనే అంచు. వాదరకు ఏటవాలు చెక్కిన ప్రతి చోటా ఆ గుల్ల భాగమే బయటపడుతుంది. మూడు పలకలు అతికించడంలో ఇక్కడ అనుకోని లాభం ఒకటి దొరికింది. చిత్రికతో, ఆకురాయితో ఏటవాలు దించుతున్నప్పుడు జిగురు గీతలు రెండు సన్నగా తేలతాయి. అవి వాదర వంపుకు సమాంతరంగా సాగుతుంటే వాలు సమంగా దిగుతున్నట్టు, ఎక్కడైనా ఒకదానికొకటి దగ్గరైతే అక్కడ వాలు నిటారుగా నిలిచిపోయినట్టు. కొలబద్ద పెట్టకుండానే పని సాగింది. వాదరను పదును చేయకుండా 3 మి.మీ. మందం ఉంచి గుండ్రం చేశాను. తోటివారి భద్రతకే కాదు, అంతకంటే పలచనైతే ఆ అంచు నిలవదు.

రంగుకు ముందు అంచుల దాహం తీర్చాలి. నేరుగా రంగు వేస్తే పైతలం మెరుస్తుంది, అంచు మాత్రం మొత్తం పీల్చేసుకుని పాలిపోతుంది. ఏది మేలో తేల్చుకోవడానికి ఒక వాదరకు సమానంగా నీళ్లు కలిపిన తెల్ల జిగురు, రెండో వాదరకు స్పిరిట్‌లో కరిగించిన లక్క పట్టించాను. జిగురునీళ్లకు పీచు లేచి నిలబడింది. 220 నంబరు గరుకు కాగితంతో రుద్ది మళ్లీ పూయడం మూడుసార్లు జరిగాక గానీ నున్నబడలేదు. లక్క రెండు పూతలకే కుదిరింది. ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన చూస్తే లక్క వేసిన వాదర ఇంకా గట్టిగా ఉంది, జిగురు వేసిన వైపు గోటితో నొక్కితే చిన్న సొట్ట పడుతోంది.

తడిసింది కూడా ఆ జిగురు వైపే. తడి నేల మీద ఒక రాత్రి నిలబెట్టి మరిచిపోయాను. తెల్లారేసరికి 3 మి.మీ. మొన దాదాపు 5 మి.మీ.కు ఉబ్బింది. ఆరితే సర్దుకుంటుందని వారం ఆగాను. ఉబ్బిన పీచు మళ్లీ కుదించుకోదు. ఆ భాగం కోసేసి, లప్పంతో ఆకారం నిలిపి, పలచటి సూపర్ గ్లూ చుక్కలుగా ఇంకించాను. అంచు ఎముకలా బిగిసింది. ఆ పని మొదటే చేసి ఉండవలసింది.

నల్ల రంగు మీద వెండి రంగును దాదాపు పొడికుంచెతో రాసి, పైన పెన్సిల్ గ్రాఫైట్ పొడిని వేలితో రుద్దితే వచ్చే పాత ఇనుప నిగ్గు చూసి, దగ్గరికి వచ్చినవారు కూడా ముట్టుకునే దాకా నమ్మరు. కానీ దెబ్బ తగిలి పెచ్చు లేచిన చోట గోధుమరంగు పీచు కనిపించగానే గుట్టు బయటపడుతుంది. అందుకే సంచిలో ఒక పెన్సిల్, చిన్న సీసాడు వెండి రంగు ఎప్పుడూ ఉంటాయి.

దుమ్ము విషయంలో మాత్రం ఏ రాజీ వద్దు. గరుకు కాగితం కింద రేగే పొడి పిండికంటే మెత్తగా ఉండి గంటల తరబడి గాలిలో తేలుతుంది; మామూలు పలకల రెసిన్‌లో ఫార్మాల్డిహైడ్ కూడా ఉంటుంది. చెక్క దుమ్మునూ ఫార్మాల్డిహైడ్‌నూ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోనే చేర్చింది. మొదటి రోజు రుమాలు కట్టుకుని పని చేసి రెండు రోజులు గొంతు మంటతో గడిపాను. ఆ తర్వాత ఎన్95 మాస్కు లేకుండా, ఆరుబయట తప్ప రుద్దలేదు.

నిలబడి చూపడానికి, భుజాన వేసుకుని నడవడానికి, ఫొటోలకు ఈ గొడ్డలి భేషైనది. పోరాట దృశ్యంలో ఆయుధాలు తాకవలసి వస్తే ఈవీఏ ఫోమ్‌తో (తేలికైన మెత్తటి నురగ పలక) చేసుకోండి, 120 సెం.మీ. కామ చివర కిలో బరువు ఊగుతుంటే ఆపడం చేసిన నాకే కష్టంగా ఉంది.